రెండో ప్రశ్న ఎక్కడ?

జిల్లా డెస్కులో పనిచేసిన ఏళ్ళలో ఎంపీల ఆఫీసుల నుంచి వచ్చే ప్రెస్ నోట్లన్నీ నా టేబుల్ మీదికే వచ్చేవి. పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, రోజుకొకటి. ఏ పార్టీ ఎంపీదైనా హెడ్డింగ్ దాదాపు ఒకటే: ఫలానా సమస్యపై పార్లమెంటులో గళమెత్తిన ఎంపీ. పక్కన ఫొటో, కింద ఆయన ఏం కోరారో నాలుగు పేరాలు. మంత్రి ఏం జవాబు చెప్పాడన్నది మాత్రం ఆ నోట్లలో ఉండేది కాదు. రాత్రి పేజీ వదిలే టెన్షన్లో ఆ సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఉద్యోగం మానేశాక ఆ జవాబులు చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా కడప ఎంపీ సభలో ఏం అడిగాడు, ఏం మాట్లాడాడు, ఎటు ఓటేశాడు అన్నది ఒక ఫైల్లో రాసుకుంటున్నాను. ఆయన పార్టీ వైఎస్సార్సీపీ ప్రతిపక్షంలో ఉంది. 2024లో ఆ పార్టీ రాష్ట్రంలోని 25 లోక్‌సభ సీట్లలో గెలిచింది నాలుగే: కడప, రాజంపేట, తిరుపతి, అరకు. మిగతా 21 ఎన్డీఏవి. ఆయన పేరు ఇక్కడ కావాలనే రాయడం లేదు. మా ఊళ్ళో పేరు ఎత్తితే మాట పార్టీల మీదికి పోతుంది, పని మీద నిలవదు. నాకు కావలసింది పని గురించి మాట్లాడుకోవడం.

ముందుగా ఒక విషయం సూటిగా చెప్పాలి. ప్రెస్ నోటులో అన్నీ గళమెత్తడమే అయినా, సభలో అవి వేరువేరు పనులు. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. అడిగిన ఎంపీ అక్కడికక్కడే రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు ఇలాంటివి 20 మాత్రమే జాబితాకెక్కుతాయి, అదీ బ్యాలెట్ అనే లాటరీలో పేరు వస్తేనే. ఆ ఇరవైలోనూ ప్రశ్నోత్తరాల గంట ముగిసేలోపు నాలుగైదు దాకా వెళ్తే గొప్ప. గుర్తు లేనివి రోజుకు 230. వాటికి కాగితం మీద జవాబు వస్తుంది, ఎవరూ నోరు తెరవరు. ఆ గంట తర్వాత వచ్చే జీరో అవర్‌లో ఎంపీ లేచి మాట్లాడతాడు గానీ మంత్రి జవాబు చెప్పాలన్న నియమం లేదు. 377 నిబంధన కింద ముందుగా రాసిచ్చిన చిన్న పాఠాన్ని సభలో చదువుతారు. సభ గందరగోళంగా ఉన్న రోజుల్లో చదవడం కూడా ఉండదు, అందరివీ కలిపి సభ ముందు పెట్టినట్టు భావిస్తారు. అంటే గొంతు విప్పకుండానే ‘గళమెత్తిన’ వార్త వస్తుంది.

377 కింద ఇచ్చినవాటికి మంత్రి జవాబు తర్వాత ఉత్తరంగా ఎంపీకి చేరుతుంది. ఆ ఉత్తరం మనం చూడం. జిల్లా విలేకరులందరికీ నా విన్నపం ఇదే: ఎంపీ ఆఫీసు వాళ్ళు ఫలానా విషయం 377 కింద లేవనెత్తామని నోటు పంపితే, నెలన్నర ఆగి, మంత్రి రాసిన ఉత్తరం కాపీ ఇవ్వమని అడగండి. అసలు వార్త ఆ ఉత్తరంలో ఉంటుంది.

చాలామంది ఎంపీ పనిని మూడు అంకెల్లో చూస్తారు: హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు. పార్లమెంటు పనిని గమనించే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ వాళ్ళు ఎంపీల వారీగా ఇవి లెక్కగట్టి ఇస్తారు, మంచి పని. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. కానీ ఆ అంకెలు తలుపు దాకానే తీసుకెళ్తాయి. హాజరు అంటే ఆ రోజు వచ్చినట్టు నమోదు, అంతే. నమోదు చేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడా, పది నిమిషాల్లో లేచిపోయాడా అన్నది తెలియదు. ప్రశ్నల లెక్కలోనూ చిక్కుంది. ఒకే విషయం మీద నలుగురైదుగురు ఎంపీలు అడిగితే ప్రశ్నలన్నీ కలిపి, పేర్లు వరసగా వేసి, ఒకటే జవాబు ఇస్తారు. ప్రతి ఒక్కరి ఖాతాలో ఒక్కొక్క ప్రశ్న పడుతుంది.

అందుకే జవాబు చదవాలి. ఒక ఉదాహరణ చూపిస్తాను.

మా చిన్నాయన పెండ్లిమర్రి దగ్గర ఉంటాడు. కడప–బెంగళూరు కొత్త రైల్వే లైను 2008–09లో మంజూరైంది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా పట్టాలు పడ్డాయి, అక్కడితో ఆగింది. రాయచోటి, మదనపల్లె వాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. నేను ఇలాంటివి చదువుతున్నానని తెలిసి ఒకరోజు ఫోన్ చేశాడు. “పాపా, మన లైను గురించి ఢిల్లీలో ఎవురన్నా అడిగినారా, లేదా? అడిగింటే ఏం చెప్పినారో సూసి చెప్పు” అన్నాడు.

పార్లమెంటు వాళ్ళ సన్సద్ వెబ్‌సైటులో ప్రశ్నల విభాగానికి వెళ్ళి రైల్వే శాఖ ఎంచుకుని వెతికితే మన ప్రాంతపు లైన్ల మీద ప్రశ్నలకు కొదవ లేదు. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: మన జిల్లా పేరు రికార్డుల్లో ఒక తీరుగా లేదు. పాతవాటిలో సీ యూ డీ డీ అనే స్పెల్లింగ్, తర్వాత కే ఏ డీ, మధ్యలో వైఎస్సార్ జిల్లా, ఇప్పుడు వైఎస్సార్ కడప జిల్లా. అన్నీ కొట్టి చూడాలి. 2022 ఏప్రిల్ తర్వాతి విషయాలైతే అన్నమయ్య జిల్లా అని కూడా వెతకాలి, రాయచోటి, రాజంపేట అప్పుడు అటు పోయాయి కాబట్టి.

రైల్వే జవాబులు వరసగా చదివితే వాటి కట్టు అర్థమైపోతుంది. మొదటి పేరా: రైల్వే ప్రాజెక్టులను రాష్ట్రాల వారీగా, జిల్లాల వారీగా కాక జోన్ల వారీగా చేపడతాం, ఎందుకంటే అవి రాష్ట్రాల సరిహద్దులు దాటి పోతాయి. తర్వాత రాష్ట్రం మొత్తానికి గతంలో ఎంత ఇచ్చారో, ఇప్పుడు ఎన్ని రెట్లు ఇస్తున్నారో లెక్క. చివరి పేరా: ఏ ప్రాజెక్టయినా పూర్తవడం రాష్ట్ర ప్రభుత్వం భూమి త్వరగా సేకరించి ఇవ్వడం, అటవీ అనుమతులు, రాష్ట్రం తన వాటా జమ చేయడం, శాంతిభద్రతలు, ఏడాదిలో పని జరిగే నెలలు వంటి అనేక కారణాల మీద ఆధారపడి ఉంటుంది. తమిళనాడు లైను గురించి అడిగినా, ఒడిశా లైను గురించి అడిగినా ఈ పేరా అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది. మా చిన్నాయనకు కావలసిన జవాబు మొదటి పేరాలోనూ లేదు, చివరి పేరాలోనూ లేదు.

కానీ పట్టుకోవాల్సిన కొస ఆ చివరి పేరాలోనే ఉంది. కడప–బెంగళూరు లైను ఖర్చులో సగం రాష్ట్రానిది, సగం రైల్వేది. ‘రాష్ట్రం తన వాటా జమ చేయడం’ అని మంత్రి అన్నాడంటే, ఎంత జమ చేయాలి, ఎంత చేసింది, ఎప్పుడు ఆపింది అని తర్వాతి సమావేశాల్లో అడగాలి. ఆ ప్రశ్నకు మాత్రం అచ్చు వేసిన పేరా సరిపోదు, అంకె చెప్పాల్సిందే. ఆ అంకె బయటికొస్తే ఏ ప్రభుత్వం ఏ ఏడాది డబ్బు కట్టలేదో తెలుస్తుంది. ఆయన సొంత పార్టీ రాష్ట్రంలో అధికారంలో ఉన్న 2019–24 కాలం లెక్క కూడా తెలుస్తుంది. బహుశా అందుకే ఆ రెండో ప్రశ్న ఏ పార్టీ ఎంపీకీ అంత సులువుగా నోటికి రాదు.

నా ఫైల్లో నేను వెతికేది ఇదే. ఎన్ని ప్రశ్నలన్నది కాదు, వచ్చిన జవాబును పట్టుకుని రెండో ప్రశ్న వేశాడా లేదా అన్నది. ప్రతి సమావేశంలో కొత్త విషయం మీద ఒక్కొక్క ప్రశ్న వేసి వదిలేస్తే అంకె పెరుగుతుంది, ఫైలు కదలదు.

జవాబుల్లో ఇంకో వాక్యం కనిపిస్తే నేను ఎర్రసిరాతో గీత గీస్తాను: ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’. చదివినవాళ్ళు తప్పించుకున్నాడని వదిలేస్తారు. నిజానికి ఆ మాట అనగానే అది ప్రభుత్వ హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరిందా లేదా చూడటానికి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఒకటి 1953 నుంచి ఉంది. పట్టుదల ఉన్న ప్రతిపక్ష ఎంపీకి ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు. ఆ కమిటీ పేరు నేను డెస్కులో ఉన్నన్నాళ్ళూ ఒక్క ప్రెస్ నోటులోనూ చూడలేదు.

ఇక ఓట్ల సంగతి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో అర్ధరాత్రి దాటాక 288–232తో గట్టెక్కినప్పుడు కడపలో అందరి నోటా అదే మాట. పెద్ద దర్గా దారిలోని టీకొట్టు దగ్గర ఒకాయన నన్ను ఆపి, “మేడం, మీరు అవన్నీ చూస్తారంట కదా, మన ఎంపీ ఎటు వేసినాడో అది రాసి ఉంటాదా యాడన్నా?” అని అడిగాడు. రాసి ఉంటుంది. ఆయన పార్టీ లోక్‌సభలో ఆ బిల్లును వ్యతిరేకించింది. కానీ పార్టీ చెప్పింది వేరు, పేరు కనబడటం వేరు. డివిజన్, అంటే ఎవరు ఎటో లెక్క తేల్చే ఓటింగ్, జరిగితే ఆ రోజు చర్చల పాఠంలో అనుకూలంగా ఓటేసినవాళ్ళ పేర్లు, వ్యతిరేకంగా వేసినవాళ్ళ పేర్లు, తటస్థంగా ఉన్నవాళ్ళ పేర్లు వేరువేరుగా అచ్చవుతాయి. ఏ జాబితాలోనూ పేరు లేకపోతే ఆ సమయానికి ఆయన ఓటేయలేదన్నమాట. తటస్థంగా ఉండటం, లేకపోవడం ఒకటి కాదు. ఈ తేడా మన వార్తల్లో ఎప్పుడూ కలిసిపోతుంది.

సభలో తెర మీద పడే మొదటి అంకెను నమ్మకండి. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు తెర మీద 220–149 అని వచ్చింది. స్లిప్పుల మీద వేసిన ఓట్లు కూడా కలిపాక 269–198 అయింది. టీవీ వాళ్ళు చెప్పింది ఒకటి, రికార్డులో నిలిచేది ఇంకొకటి.

అసలు బాధ ఏమంటే చాలా బిల్లులకు డివిజన్ అనేదే ఉండదు. మూజువాణి ఓటు. అవునన్నవాళ్ళు అవునంటారు, కాదన్నవాళ్ళు కాదంటారు, ఏ గొంతు ఎవరిదో కాగితం మీద ఉండదు. 2014 ఫిబ్రవరి 18న మన రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లు లోక్‌సభలో అలాగే పాసైంది. తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి, సీమాంధ్ర ఎంపీలు కొందరు అప్పటికే సస్పెన్షన్‌లో ఉండగా. ఇంత పెద్ద బిల్లుకు ఎవరు ఎటు నిలిచారో పేరుపేరునా చెప్పే జాబితా మన పిల్లలకు చూపిద్దామన్నా లేదు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులకు ప్రతిపక్షాలు డివిజన్ అడిగితే ఇవ్వలేదు, అవీ మూజువాణితోనే పోయాయి. అందుకే ప్రతిపక్షంలో ఉన్న ఎంపీ బిల్లును వ్యతిరేకిస్తూ గట్టిగా మాట్లాడాడంటే నేను వెంటనే చూసేది, ఆయనో ఆయన పార్టీయో డివిజన్ అడిగిందా అని. అడగకుండా వాకౌట్ చేస్తే ఫొటో వస్తుంది, రికార్డులో ఓటు ఉండదు.

ఓటు గురించి ఒక మాట ఆయన పక్షాన కూడా చెప్పాలి. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్, అంటే ఇలా ఓటేయాలన్న ఆదేశం, జారీ చేశాక దానికి ఎదురు ఓటేసినా, ఓటేయకుండా ఉన్నా సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఓటును బట్టి మనకు తెలిసేది పార్టీ. మనిషి తెలిసేది ప్రశ్నలోనే. ప్రశ్న వేయడానికి విప్ అడ్డు రాదు.

చర్చలో మాట్లాడే సమయం కూడా పార్టీ బలాన్ని బట్టే పంచుతారు. 543 మందిలో నలుగురున్న పార్టీకి దొరికేది కొద్ది నిమిషాలు, ఆ నలుగురిలో ఒకరికే. రెండు గంటల చర్చలో మా ఎంపీ మూడు నిమిషాలే మాట్లాడాడని ఆయన్ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ మూడు నిమిషాల్లో జిల్లా పేరు చెప్పి, అంకె చెప్పి, ఫలానాది కావాలని అడిగాడా, లేక పార్టీ అధ్యక్షుడి పొగడ్తకే సగం పోయిందా, అది మాత్రం చూస్తాను. 2023 డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేసినప్పుడు వాళ్ళు వేసిన ప్రశ్నలు కూడా జాబితాలోంచి తీసేశారు. అలాంటి సమావేశం తర్వాత ఎవరైనా ప్రశ్నల లెక్క చూపించి ఈ ఎంపీ పనిచేయలేదంటే ఒప్పుకోను. 2025 వర్షాకాల సమావేశాల్లో లోక్‌సభ నడవాల్సిన సమయంలో 29 శాతమే నడిచింది. ఆ గొడవలో ప్రతిపక్షం పాత్రా ఉంది, ప్రభుత్వం పాత్రా ఉంది. పోయింది మాత్రం ప్రశ్నోత్తరాల గంట.

సభలో లేకపోతే ఏం పోతుందో కడపకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. 2018లో ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్సీపీ ఎంపీలు ఐదుగురు రాజీనామా చేశారు, ఆ రాజీనామాలు జూన్‌లో ఆమోదం పొందాయి. లోక్‌సభ గడువు ఏడాదిలోపే ఉందని ఉప ఎన్నికలు పెట్టలేదు. ఆ జూలై 20న విభజన హామీల మీదే టీడీపీ పెట్టిన అవిశ్వాస తీర్మానం చర్చకొచ్చి 325–126తో వీగిపోయింది. ఆ రోజు కడప సీటు ఖాళీ, రాజంపేట సీటు ఖాళీ. రాజీనామా త్యాగమా, వ్యూహమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా ఫైల్లో మాత్రం ఆ తేదీ ఎదురుగా ఖాళీ గడి ఉంది. ఏ ఓటూ లేదు, ఏ మాటా లేదు.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతి మరీ కడుపు మండే విషయం. విభజన చట్టం 13వ షెడ్యూల్లో రాసి ఉంది: వైఎస్సార్ జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి. పరిశీలించాలి అని ఉంది, కట్టాలి అని లేదు. సెయిల్ చూసి లాభసాటి కాదందని, తర్వాత టాస్క్‌ఫోర్స్ వేశామని కేంద్రం చెబుతూ వచ్చింది. ఈలోపు శంకుస్థాపనలు మాత్రం ఆగలేదు: 2007లో బ్రాహ్మణీ స్టీల్స్‌కు, 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె దగ్గర, 2023 ఫిబ్రవరిలో అక్కడే మళ్ళీ. ఇన్నేళ్ళలో ‘ఉక్కు ఫ్యాక్టరీ ఎప్పుడు కడతారు’ అని అన్ని పార్టీల ఎంపీలూ అడిగారు. అలా అడిగితే వచ్చే జవాబు పాత జవాబే. సెయిల్ నివేదికను సభ ముందు పెడతారా, ఖనిజం ధర ఎంతని లెక్కవేశారు, టాస్క్‌ఫోర్స్ చివరిసారి ఏ తేదీన కూర్చుంది, ఆ సమావేశపు మినిట్స్ ఎక్కడ? ఇలా అడిగి సాధించాలి.

ఇదే కడప నుంచి కమ్యూనిస్టు ఎద్దుల ఈశ్వరరెడ్డి గారు నాలుగుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. పక్కన అనంతపురం నుంచి 1957లో తరిమెల నాగిరెడ్డి గారు వెళ్ళారు. ప్రతిపక్షంలో కూర్చోవడం రాయలసీమకు కొత్త కాదు. ఆ రోజుల చర్చలు కూడా పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో దొరుకుతున్నాయి. ప్రస్తుతం ఇప్పటివాటికే సమయం చాలడం లేదు, అవీ చదవాలి.

జవాబులన్నీ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. మన జిల్లాకు సంబంధించినవి తెలుగులో రాసి చిన్నాయనకు, ఇంకొందరికి వాట్సాప్‌లో పంపుతున్నాను. చదివి ఊరుకోవడం లేదు వాళ్ళు. “ఆ వాటా ఎంతో కనుక్కోమను ముందు” అని చిన్నాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ప్రశ్న 150 మాటలు దాటకూడదు, కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఒక ఎంపీ ఒక రోజుకు ఐదు నోటీసులకు మించి ఇవ్వకూడదు. ఈ హద్దులన్నీ చూసుకుని, శీతాకాల సమావేశాల కోసం ఒక ప్రశ్న రాసి ఎంపీ గారి ఆఫీసులో ఇచ్చాను. రైల్వే ప్రశ్నలకు లోక్‌సభలో బుధవారం జవాబులిస్తారు కాబట్టి బుధవారాల జాబితాలో మీరూ చూడండి. నేనిచ్చింది ఇది:

(ఎ) కడప–బెంగళూరు కొత్త లైనుకు రాష్ట్ర ప్రభుత్వం తన వాటాగా జమ చేయాల్సిన మొత్తం ఎంత, సంవత్సరాల వారీగా జమ చేసింది ఎంత, చివరిసారి జమ అయిన తేదీ ఏది. (బి) పెండ్లిమర్రి తర్వాతి భాగానికి కావలసిన భూమి ఎన్ని ఎకరాలు, అందులో రైల్వేకు అప్పగించింది ఎంత, మండలాల వారీగా. (సి) గత మూడు బడ్జెట్లలో ఈ లైనుకు కేటాయించింది ఎంత, ఖర్చు పెట్టింది ఎంత, పెట్టకపోతే కారణం ఏమిటి?

ఉక్కు మీద ప్రశ్న ఇంకా రాస్తున్నాను. జమ్మలమడుగు వైపు వాళ్ళు, సున్నపురాళ్ళపల్లె భూముల సంగతి దగ్గరగా తెలిసినవాళ్ళు ఎవరైనా దాన్ని నాతో కలిసి దిద్దితే మేలు.